చచ్చి బతికిన నూకరత్నం

నూకరత్నం నోట్లో ఏ విషయమూ ఉన్నంత సైజులో ఉండదు. బియ్యంలో ఇసుక రేణువు తగిలితే అది బండరాయి. నాలుగు చినుకులు పడితే ప్రళయం. పక్కింటివాళ్ళు టీవీ సౌండు కాస్త పెంచితే చెవులకి చిల్లులు. అదే పక్కింటావిడ కరివేపాకు కోసం వస్తే దండయాత్ర. మువ్వలంక బాలికల వసతి గృహంలో వార్డెనుగా పనిచేసినన్నాళ్ళూ 'తోలు ఒలిచి ఆరేస్తాను' అంటూనే పిల్లల్ని పెంచింది. ఒక్క పిల్ల తోలైనా తాడు మీద ఆరింది లేదు సరికదా, ఆ పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళాక కూడా ఊళ్ళోకొస్తే ముందు ఆవిడ చేత నాలుగు తిట్లు తిని గాని పుట్టింటి గడప తొక్కరు.

ఆవిడ భర్త గవర్రాజు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బస్సుకి హారనుంది గనక తన నోటితో పనేముందనుకున్నాడో ఏమో, మనిషి మాట్లాడడు. 'ఊ' అంటాడు. మరీ తప్పకపోతే 'ఊహూ' అంటాడు. మాట్లాడిన ఆ కాస్తా ఉన్నదున్నట్టు ఉంటుంది, ఒక చిటికెడు ఎక్కువ ఉండదు. కాపురానికొచ్చిన కొత్తల్లోనే ఆయన పెళ్ళాం భాషకి ఒక తూకం కనిపెట్టుకున్నాడు. ఆవిడ 'వెయ్యిసార్లు చెప్పాను' అంటే ఒకసారి చెప్పిందని. 'లక్షసార్లు' అంటే ఇది రెండోసారని. 'మీకు చెప్పలేదూ?' అంటే అసలు చెప్పనేలేదని. 'ఈ ఇంట్లో క్షణం ఉండను' అంటే కాఫీ కావాలని. ఈ తూకం ప్రకారం వాళ్ళ సంసారం ఏ ఒడిదుడుకూ లేకుండా నడిచిపోయింది. పిల్లల్లేరు. ఇంట్లో ఉండేది ఇద్దరే గాని, వీధిలోంచి వినేవాళ్ళకి ఉమ్మడి కుటుంబం అనిపిస్తుంది.

అంతా బాగానే ఉంది. ఇంతలో ప్రభుత్వానికి సత్యం మీద మోజు పుట్టింది.

దశిక విశ్వంభరం అని ఒక పెద్ద అధికారి ఉన్నారు. వారు పరిపాలనలో పారదర్శకత గురించి నేర్చుకోవడానికి ఒక చల్లటి దేశం వెళ్ళి, ఒక కోటూ ఒక సిద్ధాంతమూ కొనుక్కుని తిరిగొచ్చారు. అవినీతి అంతటికీ మూలం అధికారులు పౌరుల మాటని అర్థం చేసుకోవడమేనని ఆ సిద్ధాంతం. అర్థం చేసుకునేవాడు తనకి కావలసినట్టు అర్థం చేసుకుంటాడు, కాబట్టి అర్థం చేసుకోవడాన్నే రద్దు చేస్తే సరిపోతుంది. ప్రభుత్వం వారికి ఈ ఆలోచన బాగా నచ్చింది. 'పౌరవాక్కు' అనే పథకం పుట్టింది, దానికి విశ్వంభరం గారే కమిషనరయ్యారు, వెంటనే ఉత్తర్వు వెలువడింది.

"పౌరుడు పలికిన వాక్యమును యథాతథముగా నమోదు చేయవలెను. సదరు వాక్యమునకు అర్థము తీయుట, భావము గ్రహించుట, 'అంటే ఏమిటంటే' అనుట మొదలగు చర్యలు అధికార దుర్వినియోగముగా పరిగణింపబడును. ఏ ఉద్యోగియైనను విధి నిర్వహణలో అర్థము చేసుకొనినట్లు రుజువైనచో శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

ఈ ఉత్తర్వుని అమలు చేయడంలో చాలామంది ఉద్యోగులకి పెద్ద ఇబ్బందేమీ కలగలేదు.

ప్రతి కౌంటరు మీదా 'వాగ్గ్రాహిణి' అనే యంత్రాన్ని పెట్టారు. కొబ్బరిబొండమంత ఉంటుంది. ఎదురుగా ఎవరేమన్నా 'టింగ్' మని రాసుకుని, ఆ మాట ఏయే శాఖలకి చెందుతుందో చూసి వాటికి తక్షణం పంపేస్తుంది. చెరిపే మీట లేదు. చెరపాలంటే తప్పేదో ఒప్పేదో తెలియాలి గదా, తెలియడమంటే అర్థం చేసుకోవడమేనని కమిషనరు గారు ఆ మీట పీకించేశారు.

మువ్వలంకలో పథకం జోరుగా మొదలైంది. రేషను కార్డులో పేరు తప్పుపడిందని ఒకాయన మండలాఫీసుకెళ్ళి "నా కొంప మునిగిందండీ" అన్నాడు. మండుటెండలో విపత్తు నివారణ శాఖ వాళ్ళు పడవేసుకొచ్చారు. పడవ సందులో ఇరుక్కుపోయింది గాని, వీధి వీధంతా పులిహోర పొట్లాలు పంచి, ఇంటాయన్ని తాళ్ళతో మేడ మీదకి లాగి కాపాడి వెళ్ళారు. ఇంకొకావిడ ఆసుపత్రి విచారణ కౌంటర్లో "తాతాజీ డాక్టరు గారు మా పాలిట దేవుడండీ" అని ఉన్న మాట అంది. మర్నాటికి దేవాదాయ శాఖ తాతాజీ క్లినిక్కుని స్వాధీనం చేసుకుని హుండీ పెట్టింది. ఇప్పుడు జ్వరమొచ్చినవాడు అర్చన టిక్కెట్టు తీసుకుని, చెప్పులు బయట విడిచి, నాడి చూపించుకుని తీర్థం పుచ్చుకుని వస్తున్నాడు. పాపం తాతాజీ రాత్రి ఇంటికి వెళతానంటే మూలవిరాట్టు గుడి దాటి వెళ్ళడానికి ఆగమశాస్త్రం ఒప్పుకోదన్నారు.

ఈ కబుర్లు విని నూకరత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వలేక చచ్చిపోతున్నానండీ" అంది మొగుడితో. ఇంట్లో యంత్రం లేదు గనక ఆ పూటకి బతికిపోయింది.

నవంబరు వచ్చింది. పింఛనుదార్లంతా ఖజానా ఆఫీసుకెళ్ళి తాము బతికే ఉన్నట్టు సర్టిఫికెట్టు ఇచ్చుకునే నెల అది. మువ్వలంక ఉప ఖజానా మేడ మీద ఉంది. వచ్చేవాళ్ళందరూ ముసలివాళ్ళని తెలిసే మేడ మీద పెట్టారో, తెలియక పెట్టారో ఎవరూ అడగలేదు. మెట్లు నిటారుగా, మలుపు తిరిగి ఉంటాయి. గవర్రాజు స్కూటరు ఆపుకుని కింద టీ బడ్డీ దగ్గర నిలబడ్డాడు. నూకరత్నం మోకాళ్ళ మీద చేతులానించుకుంటూ, ఆయాసపడుతూ ఎక్కింది.

కౌంటర్లో ఫణీంద్ర అనే కుర్ర గుమస్తా ఉన్నాడు. కొత్త ఉద్యోగం, పెళ్ళి కూడా కుదిరి ఉంది, ప్రపంచమంతా బాగుందనుకునే వయసు.

"రండి మామ్మగారూ, కూర్చోండి. బతికే ఉన్నారాండీ?" అన్నాడు, రూలు ప్రకారం.

నూకరత్నం చెంగుతో మొహం తుడుచుకుని, "మీ మెట్లెక్కేసరికి చచ్చి బతికాను నాన్నా!" అంది.

టింగ్.

ఫణీంద్ర మొహంలో నెత్తురుచుక్క లేదు. వాడికి ఆవిడ మాట అర్థమైంది. అర్థమైనట్టు తెలిస్తే ఉద్యోగం పోతుంది. "మామ్మగారూ, మీకు దండం పెడతాను. 'ఉన్నాను' అని ఒక్క ముక్క చెప్పండి చాలు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఉన్నానో లేదో కనపడట్లేదేంట్రా? ఆ మలుపు దగ్గర యముడు ఎదురయ్యాడు తెలుసా! ఆయనకీ ఆయాసమే పాపం. మెట్లెక్కలేక దున్నపోతుని కింద స్కూటర్ల స్టాండులో కట్టేసి మరీ వచ్చాడు."

టింగ్. టింగ్. టింగ్.

యంత్రం పక్కనున్న ప్రింటరు గరగరమంటూ రెండు కాగితాలు కక్కింది. మొదటిది మరణ ధ్రువపత్రం. బొండాడ నూకరత్నం, మరణించిన స్థలం ఉప ఖజానా మెట్ల మలుపు. రెండోది జనన ధ్రువపత్రం. ఆడశిశువు, జన్మించిన స్థలం అదే మెట్ల మలుపు. తల్లి పేరు దగ్గర 'విచారణలో ఉన్నది' అని ఉంది. తండ్రి పేరు దగ్గర మాత్రం యంత్రం ఏమీ తడుముకోలేదు. శిశువు పుట్టిన వెంటనే 'నాన్నా' అని ఎవరిని పిలిచిందో వారి పేరు రాసింది. ఫణీంద్ర ఆ కాగితం రెండుసార్లు చదువుకుని మంచినీళ్ళ కోసం బల్ల కింద వెతుక్కున్నాడు.

ఉప ఖజానాధికారి చెరుకుమిల్లి ఆదిశేషయ్య గారు ఆవిడని తన గదిలోకి పిలిపించుకుని, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"తమరు దివంగతులైనందుకు కార్యాలయం తరఫున ప్రగాఢ సంతాపం తెలియజేస్తున్నాను. తమరు జన్మించినందుకు శుభాకాంక్షలు కూడా తెలియజేస్తున్నాను."

"అయ్యబాబోయ్, నేను మాటవరసకి అన్నానండీ!"

"తల్లి వరస, చెల్లి వరస, మేనత్త వరస మా దగ్గర ఉన్నాయమ్మా. మాటవరస అను వరస రికార్డుల్లో లేదు."

"పోనీ, ఆ మాట వెనక్కి తీసుకుంటానండీ. చెంపలేసుకుంటాను."

"చనిపోవు సమయంలో చెప్పినది మరణ వాంగ్మూలం. దానికి చట్టంలో విలువ హెచ్చు. వెనక్కి తీసుకోవాలంటే చనిపోయినవారే స్వయంగా రావాలి."

"నేనే గదండీ ఆవిడ!"

"తమరు ఇందాకనే జన్మించియున్నారు. పసిబిడ్డ మాట చెల్లదు. తమ తండ్రిగారి చేత చెప్పించండి" అని ఆదిశేషయ్య గారు గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో తండ్రిగారు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉన్నాడు. 'ఆవిడ ఉద్దేశం అది కాదు సార్' అంటే అర్థం చేసుకున్న నేరం కిందికి వస్తుంది.

కిందకి దిగొచ్చి నూకరత్నం మొగుడికి సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన రెండు కాగితాలూ తిరగేసి చూశాడు.

"ఊ" అన్నాడు.

"నేను చచ్చానండీ! పింఛనాపేశారు. మీకు సగం ఇస్తారట, పెళ్ళాం పోయినవాడని! ఊ అంటారేంటి?"

"స్కూటరెక్కు" అన్నాడు గవర్రాజు. స్టాండు కుర్రాడు స్కూటరుకి రశీదిచ్చి, దున్నపోతుకి కూడా ఎవరు కడతారని అడిగాడు.

మొదట్లో నూకరత్నానికి ఇదంతా సరదాగానే ఉంది. అంగన్‌వాడీ నుంచి కోడిగుడ్డూ పాలపొడీ వచ్చాయి. టీచరమ్మ గుమ్మంలోనే నిలబెట్టి నోట్లో పోలియో చుక్కలు వేసింది. తూకం వేస్తే పుట్టిన బిడ్డ బరువు తొంభై కేజీలు దాటింది. జిల్లాలో శిశువుల పోషణ ఒక్కసారిగా మెరుగుపడిందని పేపర్లో కూడా వేశారు. వీధివాళ్ళంతా వచ్చి బుగ్గలు పుణికి వెళుతుంటే ఆవిడ పళ్ళికిలించి ఉంగా ఉంగా అంది.

ఫణీంద్రకి మాత్రం సరదాగా లేదు. పెళ్ళికూతురి మేనమామ అంబాజీపేట నుంచి బస్సు దిగి తిన్నగా నూకరత్నం ఇంటికొచ్చాడు. "మేం చూసుకున్న అబ్బాయికి ముందే ఓ పాప ఉందని కాగితాల్లో వచ్చిందండీ. పాపని ఓసారి చూసి పోదామని" అన్నాడు మర్యాదగా.

"నేనేనండీ ఆ పాపని" అంది నూకరత్నం చీపురు పక్కన పెట్టి.

ఆయన కింది నుంచి పైకి చూసి, కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. పెళ్ళి ఆగింది.

మరో పక్క ఖజానా మెట్ల మలుపు దగ్గర యముడు దర్శనమిచ్చినట్టు నమోదైంది గనక దేవాదాయ శాఖ అక్కడ హుండీ పెట్టింది. పింఛనుదార్లు మలుపు దగ్గర చెప్పులు విడిచి, దక్షిణముఖంగా దండం పెట్టుకుని పైకెళ్ళాలి. పశుసంవర్ధక శాఖ వాళ్ళు చెవికి బిళ్ళ వేయడానికి దున్నపోతు కోసం ఊరంతా గాలిస్తున్నారు. స్టాండు దగ్గర పేడ దొరకలేదని వాళ్ళు రాసిన లేఖకి, పేడ వేయలేదంటే జబ్బు చేసిందేమో చూడమని పైనుంచి జవాబొచ్చింది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్న నూకరత్నానికి శిశు సంరక్షణ అధికారిణి హైమవతి గారు వచ్చిన రోజు నవ్వు పోయింది.

ఆవిడ వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు, చేతిలో ఒక చిన్న వాగ్గ్రాహిణి ఉన్నాయి. వరండాలో పేపరు చదువుకుంటున్న గవర్రాజుని అడిగారు.

"లోపల ఉన్న శిశువు మీకేమవుతుంది?"

గవర్రాజు తలెత్తి, "మా ఆవిడండి" అన్నాడు.

టింగ్.

హైమవతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "వివాహం ఎప్పుడు జరిగింది?"

"చాలాకాలమైందండి."

"బిడ్డ పుట్టింది ఈ నెలలో. వివాహం ఎప్పుడో జరిగింది! నా సర్వీసులో బాల్యవివాహాలు చాలా చూశాను గాని, జననానికి ముందే వివాహం ఇదే చూడడం" అని ఆవిడ నిజంగా కదిలిపోయారు. అక్కడికక్కడే కాగితం రాశారు. శిశువుని జిల్లా కేంద్రంలోని శిశుగృహానికి తరలించవలెను. సదరు వృద్ధుడు శిశువు కంటికి కనబడు దూరంలో ఉండరాదు. అసాధారణమైన కేసు గనక తరలింపుకి ముందు కమిషనరు గారు స్వయంగా మువ్వలంక వచ్చి విచారిస్తారు. అంతవరకూ ఒక కానిస్టేబులు వరండాలో ఉంటాడు.

నూకరత్నం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. భయమేసింది ఆవిడకి, నిజమైన భయం. ఈయనకి షుగరు మాత్రలు ఏ డబ్బాలో ఉంటాయో తెలీదు. ఆకలేస్తే అడగడు, పక్కింటివాళ్ళు పెడితే తినడు. పండగనాడు కొత్త చొక్కా మంచమ్మీద పెడితే గాని పాతదే వేసుకుంటాడు. పొద్దున లేచి 'ఊ' అనడానికైనా ఎదురుగా ఒకరు మాట్లాడుతూ ఉండాలి గదా. ఆయన 'ఊ' అనకపోతే తనకి మాట్లాడబుద్ధి కాదు, ఆ సంగతి ఇవాళే తెలిసింది.

"అమ్మా, నేను ఈయన్ని వదిలి ఉండలేనమ్మా" అంది.

ఆవిడ జీవితంలో ఒక మాటని దాని సైజులో అనడం అదే మొదలు. యంత్రం టింగుమంది. హైమవతి గారు దాని తెర వైపు చూసి, "శిశువు ఏడుపు అని నమోదైంది" అన్నారు. సంచిలోంచి ఒక గిలక తీసి ఆడించారు.

విచారణ రోజున ఖజానా ఆఫీసు హాలు నిండిపోయింది. పథకం వల్ల పుట్టిన మొదటి శిశువు గనక కమిషనరు విశ్వంభరం గారు ఆ చల్లటి దేశం కోటు వేసుకుని మరీ వచ్చారు. మలుపు దగ్గర చెప్పులు విడిచి రావలసి వచ్చినందుకు కాస్త చిరాగ్గా ఉన్నారు. బల్ల మీద పెద్ద వాగ్గ్రాహిణి ఉంది. ఒక పక్క ఆదిశేషయ్య గారు, హైమవతి గారు, ఇంకో పక్క పశువుల డాక్టరు, దేవాదాయ శాఖ ఈవో. గోడవారగా ఫణీంద్ర, గడ్డం పెరిగి ఉన్నాడు. ఎదురుగా బెంచీ మీద ఆ చివర నూకరత్నం, ఈ చివర గవర్రాజు, మధ్యలో కానిస్టేబులు.

"పథకము దిగ్విజయముగా సాగుచున్నది" అని మొదలుపెట్టారు కమిషనరు గారు. "పౌరుని మాటకు ప్రభుత్వము ఇంతటి విలువ ఇచ్చుట చరిత్రలో ఎన్నడూ లేదు. ఇక శిశువు విషయము."

"శిశువు మా శాఖది" అన్నారు హైమవతి గారు.

"మనవి చేస్తున్నాను. యముడు స్వయంగా ప్రాణం పోసిన శిశువు గనక దైవాంశ. మా శాఖకి అప్పగిస్తే మలుపు దగ్గర నిత్యోత్సవాలు జరిపిస్తాం" అన్నాడు ఈవో.

"శిశువు ఎవరిదైనా మాకు అభ్యంతరం లేదండి. దున్నపోతు ఎక్కడుందో శిశువు చేత చెప్పించండి. వానాకాలం టీకాలు తప్పిపోయాయి" అన్నాడు పశువుల డాక్టరు.

"తండ్రి అనుమతి లేక శిశువుని ప్రశ్నించుట కుదరదు" అన్నారు ఆదిశేషయ్య గారు.

"నేను తండ్రిని కాదండీ బాబూ! నాకు పెళ్ళే కాలేదు!" అని ఫణీంద్ర గోడవార నుంచి అరిచాడు.

"పెళ్ళి కాకపోవుట వేరు, తండ్రి కాకపోవుట వేరు. రెండూ వేర్వేరు దరఖాస్తులు" అన్నారు ఆదిశేషయ్య గారు.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. యంత్రం టింగుటింగుమంటూ ఆగకుండా మోగింది. కమిషనరు గారు రెండు చేతుల్తో చెవులు మూసుకుని, "అబ్బబ్బబ్బ! ఈ కేసుతో నా తలప్రాణం తోకకొచ్చిందయ్యా!" అన్నారు.

టింగ్.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే అర్థం చేసుకున్నట్టు. అందరూ చాలా మర్యాదగా కమిషనరు గారి కుర్చీ వెనక్కి చూశారు.

ముందుగా పశువుల డాక్టరు తేరుకున్నాడు. సంచీలోంచి చెవి బిళ్ళలు తీసి, "క్షమించాలి సార్, తోక అన్నారు. మా పరిధిలోకి వస్తుంది. టీకాలవీ వేయించారాండీ?" అని అడిగాడు.

"సర్వీసు రిజిస్టరులో పుట్టుమచ్చల దగ్గర తోక చూపించినట్టు లేదు సార్. ఉద్యోగంలో చేరేనాటికి ఉందా, తర్వాత వచ్చిందా? తర్వాత వచ్చినదైతే ప్రభుత్వ అనుమతి తీసుకున్నారా?" అన్నారు ఆదిశేషయ్య గారు వినయంగా.

ఈవో మాట్లాడకుండా లేచి, రెండు చేతులూ జోడించాడు. తోకున్న దేవుడికి జిల్లాలో భక్తులెక్కువ.

కమిషనరు గారు నోరు తెరిచారు. 'నా ఉద్దేశం' అనబోయి ఆగారు. ఉద్దేశాలు లేకుండా చేసింది వారే. 'అంటే ఏమిటంటే' అనబోయి మళ్ళీ ఆగారు. ఆ మాట ఉత్తర్వులో రెండో వాక్యంలోనే ఉంది. కోటు వెనకభాగం సవరించుకుని కూర్చుని, ఎలాగైనా ఇక్కడి నుంచి త్వరగా బయటపడాలని నిశ్చయించుకున్నారు.

"ఆ వృద్ధుణ్ణి నిలబెట్టండి" అన్నారు. గవర్రాజు లేచాడు.

"చూడండి, ఒకటే ప్రశ్న. ఈమె మీకేమవుతుంది? జాగ్రత్తగా చెప్పండి. భార్య అన్నారో, అరెస్టు చేయక తప్పదు. ఏమీ కాదన్నారో, శిశుగృహం బండి కింద సిద్ధంగా ఉంది."

మొగుడి సంగతి నూకరత్నానికి తెలుసు. ఉన్నదే చెబుతాడు, భార్యనే అంటాడు, జైలుకి పోతాడు. లేదా 'ఊ' అని ఊరుకుంటాడు. కానిస్టేబులు మీదుగా ఆయన వైపు చూసి, వద్దు వద్దన్నట్టు తల ఊపింది. ఏం వద్దంటోందో ఆవిడకే తెలీదు.

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ వైపు చూశాడు. తర్వాత యంత్రం వైపు చూశాడు.

"నా ప్రాణమండి" అన్నాడు.

టింగ్.

హైమవతి గారు ముందుగా తేరుకుని, "అదెలా కుదురుతుంది? ప్రాణం ఒంట్లో ఉండాలి గాని బెంచీకి ఆ చివర ఉండడమేంటి?" అన్నారు.

ఆదిశేషయ్య గారు దగ్గారు. "మేడమ్, ఇప్పుడే కమిషనరు గారి ప్రాణం తల నుంచి తోకకి బదిలీ అయినట్టు నమోదైంది. ప్రాణం ఒకచోట నుంచి మరోచోటికి బదిలీ కావచ్చునని పై అధికారులే నిర్ధారించినప్పుడు, కింది స్థాయిలో కాదనుట ధిక్కారమవుతుంది."

గోడవారగా ఉన్న ఫణీంద్రలో ఒక్కసారిగా ఆశ పుట్టింది. "ఏడు సముద్రాలవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి సంగతి కూడా ఉందండీ! మా మామ్మ చెప్పేది!" అని అరిచాడు. యంత్రం దాన్ని పాత తీర్పు కింద రాసుకుంది.

"అయితే శిశుగృహానికి తీసుకుపోతే..." అన్నారు హైమవతి గారు నెమ్మదిగా.

"ప్రాణం తీసిన నేరం తమరి మీద పడుతుంది" అన్నారు ఆదిశేషయ్య గారు.

హైమవతి గారు తరలింపు కాగితం అందుకుని, రద్దని రాసి గబగబా సంతకం పెట్టేశారు. కమిషనరు గారు తోక గురించి ఇంకెవరూ అడగకముందే ఉత్తర్వు చెప్పి రాయించారు.

"నూకరత్నం అను ఉద్యోగిని మరణించినది. శిశువు ఎవరునూ జన్మించలేదు. శిశువు లేనందున తండ్రియు లేడు. ఎదుట కనబడుచున్నది శ్రీ గవర్రాజు గారి ప్రాణము. ప్రాణము దేహము వద్దనే ఉండవలెను. శ్రీ గవర్రాజు గారు ప్రతి సంవత్సరము తాను జీవించియున్నట్లు ధ్రువపరచుటకు వచ్చునపుడు సదరు ప్రాణమును వెంటబెట్టుకొని వచ్చి చూపవలెను. ప్రాణమునకు పింఛను వర్తించదు."

ఫణీంద్ర నూకరత్నం కాళ్ళ మీద పడబోయి, యంత్రాన్ని చూసి ఆగి, సెలవు చీటీ రాసి అంబాజీపేట బస్సుకి పరిగెత్తాడు. కమిషనరు గారు మలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుండగా పశువుల డాక్టరు బిళ్ళతో వెంటపడ్డాడని తర్వాత తెలిసింది.

నూకరత్నం రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది. పక్కనే గవర్రాజు దిగుతున్నాడు. సగం పింఛను పోయిందన్న సంగతి గాని, కాగితాల్లో తను మనిషే కాకుండా పోయానన్న సంగతి గాని ఆవిడ చెవికెక్కలేదు. కింద ఆయన స్కూటరు తీసి స్టార్టు చేశాడు. ఆవిడ ఎక్కలేదు.

"ఏవండీ, లోపల ఓ మాటన్నారు."

"ఊ."

"నన్ను ఆ శిశుగృహం బండెక్కించకుండా ఉండాలని అన్నారా?"

"ఊహూ."

"మరి?"

గవర్రాజు హ్యాండిలు మీద చేతులుంచి కాసేపు ఆలోచించాడు. "యంత్రం ఉంది గదే రత్నం. ఉన్నదే చెప్పాలన్నారు" అన్నాడు.

నూకరత్నం ఏదో అనబోయింది. ఇన్నేళ్ళుగా ఆవిడ దగ్గర పోగుపడిన కొండలూ సముద్రాలూ ప్రళయాలూ అన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ దానికి చాలలేదు. స్కూటరెక్కి ఆయన భుజం పట్టుకుని కూర్చుంది.